అతుకు మీద పడ్డ చెయ్యి

“మంచినీళ్ళు కూడా ముట్టను ఈ ఇంట్లో. తీసేయ్ ఆ గ్లాసు.”

ఆడపడుచు హాలు మధ్యలో నిలబడే ఉంది. ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. నిన్నటి బట్టలే, నిన్నటి జడే. కళ్ళు మాత్రం ఇవాళ్టివి.

చిన్నకోడలు గ్లాసు స్టూలు మీద పెట్టింది.

“కూర్చో వదినా.”

“కూర్చోడానికి రాలేదు, అడగడానికొచ్చాను. మా ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఆ ప్రోగ్రాం రాసినదానివి నువ్వు. ఏం చెప్తావో విని పోదామని వచ్చాను.”

పెద్దాయన సోఫాలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆ ఇంటికి పెద్దకొడుకు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకున్నాడు, కింద ఉన్న వర్క్‌షాపుని చేసుకున్నాడు అంటుంది వాళ్ళమ్మ. ఆవిడ కుర్చీలో కూర్చుని ఎవరిదో ప్యాంటు కింద మడత కుడుతోంది. ఇల్లు తగలబడుతున్నా ఆవిడ చేతిలో సూది ఆగదు.

చిన్నకొడుకు, అంటే చిన్నకోడలి మొగుడు, కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడదు. అయినా పొద్దున్నుంచీ ఆ గోడనే చూస్తున్నాడు మహానుభావుడు.

“కత్తి కింద చెయ్యి కనబడగానే మిషను ఆగిపోతుందన్నావా లేదా? ‘అన్నయ్యగారూ, ఈ కెమెరా ఉండగా మీ గోరు కూడా తెగదు’ అన్నావా లేదా?”

“అన్నాను వదినా.”

“అన్నావుగా! ఆ మాట నమ్మే కదా ఆయన వాళ్ళ ఓనరుని బతిమాలి, పాత ఏర్పాటు పీకించి మీ కాపలాకన్ను పెట్టించింది! పాతదయితే రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే కత్తి దిగేది. మొద్దుదే, నిదానమే. కానీ రెండు చేతులూ బటన్ల మీద ఉంటే తెగడానికి వేళ్ళేవీ?”

కాపలాకన్ను అంటే రేకులు కోసే మిషను పైన బిగించే కెమెరా. కత్తి దిగేలోపల ఫోటో తీసి, అందులో చెయ్యి ఉందో లేదో చూసి, ఉంటే కత్తిని ఆపేయాలి. అంతా రెప్పపాటులో జరగాలి. ఆ చూసే తెలివిని రాసింది తనే. నిన్నటి నుంచి తను రాసిన ప్రతి లైనూ మనసులో తిప్పి తిప్పి చూసుకుంటోంది. తప్పు దొరకడం లేదు. తప్పు దొరక్కపోవడం ఆమెకి ధైర్యం ఇవ్వలేదు, ఒళ్ళు మండించింది.

“అమ్మడూ, ముందు ఆ అరుపులు ఆపు,” అన్నాడు పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుంటూ. “మన మిషన్లో లోపం లేదు. పొద్దున్నే చూశాను. చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఎర్రలైటు వెలిగింది.”

“మరి నిన్న ఏమైంది ఆ లైటుకి?”

“మీ ఆయన పక్కనుంచి చెయ్యి పెట్టుంటాడు. కెమెరాకి అందని వైపు నుంచి.”

“నువ్వు చూశావా?”

“చూడక్కర్లేదు. వాళ్ళ ఓనరుతో మాట్లాడాను. ఆయనా అదే అన్నాడు.”

“అదే అన్నాడా, అలా అనుకుందామన్నాడా?”

వాళ్ళమ్మ చేతిలో సూది ఒక్క క్షణం ఆగింది.

ఆడపడుచు కోపం అంతసేపూ చిన్నకోడలి మీద ఉందా, ఒక్కసారిగా అన్నగారి వైపు తిరిగింది.

“అంటే ఆయన అజాగ్రత్త అని తేల్చేశారన్నమాట మీరిద్దరూ కలిసి. పెట్టించేటప్పుడు బావా బావా అని కాళ్ళు పట్టుకున్నావు. పని జరిగిపోయింది కదా, ఇప్పుడు జుట్టు పట్టుకుంటున్నావు. ఒకసారి అజాగ్రత్త మనిషని పేరు పడితే ఏ షెడ్డువాడు మిషను దగ్గరికి రానిస్తాడు ఆయన్ని? ఆ చెయ్యేసుకుని, ఆ పేరేసుకుని ఎక్కడికి పోతాడు?”

“నేను చూసుకుంటాను అమ్మడూ. మిమ్మల్ని వదిలేస్తానా?”

“నీ దయ ఎవడిక్కావాలి? నాకు ఒక్క మాట కావాలి. ఆయన తప్పు లేదని మీలో ఎవరో ఒకళ్ళు నోరు తెరిచి చెప్పాలి. అది వినేదాకా బయట మెట్ల మీంచి లేవను. దారిన పోయేవాళ్ళు అడిగితే ఎందుకు కూర్చున్నానో కూడా చెప్తాను.”

అన్నట్టే వెళ్ళి గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుంది. వెళ్తూ వెళ్తూ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు గోడని చూస్తున్నాడు.

చిన్నకోడలు కిందికి దిగింది.

కింద గదిలో టంకం వాసన, మూలన పాత ఫ్యాను. బల్ల మీద కత్తి లేని ఇనుప చట్రం, దాని పైన కెమెరా. పరీక్షలన్నీ దీనిమీదే. నిజం చెయ్యి పెట్టడం పెద్దాయనకి ఇష్టం లేదు. అందుకని రంపపుపొట్టు కూరిన చేతితొడుగు ఒకటి ఉంది. ఇంట్లో దానిపేరు ‘ఉత్తచెయ్యి’. బల్ల మీద సుద్దతో గీసిన చిన్న వృత్తం ఉంది. ఉత్తచెయ్యి ఆ వృత్తంలోనే పెట్టాలి. రోజుకో చోట పెడితే నిన్నటి వేగానికీ ఇవాళ్టి వేగానికీ పోలిక కుదరదని పెద్దాయన నియమం. రోజూ పొద్దున్నే ఆ గీత చెరిగిపోకుండా మళ్ళీ దిద్దుతాడు కూడా. కొత్త షెడ్డులో కాపలాకన్ను బిగించినా అంతే, ముందు సుద్దగీత, తర్వాత ఉత్తచెయ్యి, తర్వాత ఎర్రలైటు, తర్వాత చప్పట్లు.

ఉత్తచెయ్యి వృత్తంలో పెట్టింది. ఎర్రలైటు. తీసి మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు. ఎంత బుద్ధిమంతురాలైన లైటు! నిన్న ఈ బుద్ధి ఏమైంది? ఆమెకి ఆ లైటుని చూస్తే అసహ్యం వేసింది. ఉత్తచెయ్యి తీసి బల్లకేసి విసిరికొట్టింది.

తొడుగు వృత్తం దాటి, చట్రం కింద అడ్డదిడ్డంగా పడింది.

పచ్చలైటు వెలిగింది.

పచ్చ అంటే చెయ్యి లేదు, కత్తి దిగొచ్చు అని. కత్తి దిగే చోట బండలాంటి చెయ్యి పడి ఉంది. లైటు మాత్రం పచ్చగా, నిశ్చింతగా వెలుగుతోంది.

చిన్నకోడలు వంగి తొడుగుని అంగుళం జరిపింది. ఎర్ర. ఇంకొంచెం జరిపింది. పచ్చ. ఇంకొంచెం. ఎర్ర. ఈ చివర నుంచి ఆ చివరికి జరుపుకుంటూ పోయింది. ఏడు చోట్ల పచ్చలైటు వెలిగింది. ఫోటోని ముక్కలు చేసినప్పుడు తను పెట్టిన అతుకులు మూడే.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. తిరిగి చూడకుండానే అడిగింది.

“ఎనిమిది ముక్కలు ఎప్పుడు చేశావు?”

మొగుడు చివరి మెట్టు మీదే ఆగిపోయాడు.

“ఒక్క ప్రాసెసరు మొత్తం ఫోటో చూసేసరికి కత్తి దిగిపోతుంది, అందుకని నాలుగు ముక్కలు చేసి నాలుగింటికి పంచాను నేను. నాలుగూ ఒకేసారి చూస్తాయి. నువ్వు ఎనిమిదింటికి పంచావు. పంచు. పదహారింటికి పంచు, నాకేం? ముక్కకీ ముక్కకీ మధ్య నేను ఉంచిన పట్టీ ఏది? ఇటు ముక్కవాడూ అటు ముక్కవాడూ ఇద్దరూ చూడాల్సిన పట్టీ. ఏదది?”

“దానివల్లే లేటయ్యేది,” అన్నాడు మెల్లగా. “పక్కదాని పట్టీ వచ్చేదాకా ఇది ఆగాలి. దాని పక్కది దానికోసం ఆగాలి. ఎనిమిది పెట్టినా ఆగడంతోనే సరిపోయేది. అన్నయ్య స్టాప్‌వాచీ పట్టుకుని నెత్తిమీద నిలబడ్డాడు. తీసేస్తే జివ్వున పోయింది.”

“తీసేశావు.”

“ఉత్తచెయ్యి పెట్టి చూశాం. ప్రతిసారీ…”

“సుద్దగీతలో పెట్టి చూశారు! ఆ గీత సరిగ్గా ముక్క నడిమధ్యలో పడుతుంది. అక్కడ గుడ్డివాడికైనా కనబడుతుంది చెయ్యి. అతుకు మీద పడితే సగం వేలు ఇటు, సగం వేలు అటు. ఇదేమో రేకు అంచు అనుకుంటుంది, అదేమో నీడ అనుకుంటుంది. రెండూ కలిసి చెయ్యి లేదని తేలుస్తాయి. నిన్న అన్నయ్యగారి వేళ్ళు అక్కడ పడ్డాయి.”

అతను చట్రం కింది తొడుగు వైపు చూశాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే వద్దంటావని.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను అంత సూటిగా చెప్పిన మాట అదొక్కటే. ఆమెకి నవ్వొచ్చింది.

“మా అమ్మ ఆపరేషనుకి వెళ్ళానే, అప్పుడు చేశావు కదూ?”

“నువ్వొచ్చాక చెప్దామనుకున్నాను. నువ్వొచ్చేసరికి అందరూ ఆ వేగం చూసి మెచ్చుకుంటున్నారు. నువ్వు కూడా మెచ్చుకున్నావు. ఏం చేశావని అడిగావు. చిన్న చిన్న మార్పులన్నాను.”

ఆమెకి గుర్తొచ్చింది. భుజం తట్టింది కూడా. ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

“ఇందాక మీ అక్క నన్ను నిలువునా దులిపేస్తుంటే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డావు. ‘అది కాదక్కా, నేను’ అని మూడు ముక్కలు రాలేదా నీ నోటికి?”

“ఎలా చెప్పమంటావు? బావ వేళ్ళు తీసింది నేనని అక్కకి చెప్పనా?”

“అది నేనని అక్క అంటుంటే ఊరుకున్నావుగా!”

పైన ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. అప్పుడు తట్టింది ఆమెకి, అసలు సంగతి.

“మిగతా పదకొండు షెడ్లలో ఉన్నది కూడా ఇదేనా?”

అతను తల వంచుకున్నాడు.

“ఇప్పుడు నడుస్తున్నాయా అవి?”

పనివేళ. నడవక ఏంచేస్తాయి?

“చూడు,” అన్నాడు దగ్గరికొచ్చి, “తొందరపడకు. పట్టీ మళ్ళీ పెట్టేద్దాం. సర్వీసింగని చెప్పి ఒక్కో షెడ్డుకీ వెళ్ళి మార్చేస్తాను. వారం పది రోజుల్లో అన్నీ అయిపోతాయి. ఎవరికీ తెలియదు.”

“ఈ వారం పది రోజులూ చేతులు ఇంట్లో పెట్టి పనికి రమ్మందామా వాళ్ళని?”

అతని సమాధానం కోసం ఆగకుండా మెట్లెక్కింది.

పట్టీ సంగతి చెప్పి, మిషన్లన్నీ ఆపించాలని ఆమె అంటుంటే పెద్దాయన అంతా నిలబడే విన్నాడు. పట్టీ తీసిన మనిషి పేరు ఆమె చెప్పకపోయినా గుర్తుపట్టేంత తెలివైనవాడు. ముఖంలో రంగు మారింది కానీ గొంతు మారలేదు.

“మిషన్లు ఆపమంటే ఏమిటర్థం అమ్మాయ్? తప్పు మాదేనని మనమే టముకు వేసుకోవడం. రేపటినుంచి ఈ ఊళ్ళో ఒక్కడు మన కెమెరా కొనడు. కొన్నవాడు తెచ్చి మన మొహాన కొడతాడు.”

“కొట్టనివ్వండి బావగారూ. కెమెరాతోనే కదా కొట్టేది. చెయ్యంటూ ఉంటే కొడతారు.”

పెద్దాయన ఆమెని ఒకసారి తేరిపార చూశాడు.

“చిన్నాడేడి? కిందున్నాడా? నేను వాడితో మాట్లాడి వస్తాను. అందాకా నువ్వు ఎవరికీ ఫోన్ చెయ్యకు. ఒక్క ఐదు నిమిషాలు.”

ఆయన దిగి వెళ్ళగానే ఆమె ఫోన్ కోసం చెయ్యి చాచింది. ఆ చేతిమణికట్టుని అత్తగారు పట్టుకుంది.

“ముందు నాకు అర్థమయ్యేలా చెప్పు. ముక్కలంటారు, పట్టీలంటారు. పొద్దున్నుంచీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.”

ఇదా సమయం! కానీ ఆవిడ పట్టు గట్టిది. చెప్పి వదిలించుకోవడమే తేలిక.

“ప్యాంటుకి ముక్కలు కోసేటప్పుడు కుట్టుకి గుడ్డ వదులుతారా లేదా అత్తయ్యా?”

“వదలకపోతే దేన్ని కుడతాను, నీ తలకాయనా?”

“ఫోటోని కూడా అలా వదిలి కోశాను నేను. ఇటు ముక్కకీ అటు ముక్కకీ ఇద్దరికీ కొంచెం గుడ్డ ఎక్కువ. వేలు అతుకు మీద పడినా ఎవరో ఒకరికి పూర్తిగా కనబడుతుంది. తర్వాత ఆ గుడ్డ తీసేసి, గీత మీదికి కోసేశారు. వేలు రెండుగా పంచుకున్నారు. సగం వేలుని ఎవరూ వేలనుకోలేదు.”

అత్తగారు వింటూ ఉంది. తర్వాత అడిగింది.

“ఎవరు కోసింది?”

“మీ చిన్నబ్బాయి.”

ఆవిడ సూదికున్న దారం పంటితో తెంపింది. దారాన్ని నోట్లోంచి తీసి వేలికి చుట్టుకుంది.

“అయితే చెప్పకు.”

“అత్తయ్యా!”

“అల్లుడి వేళ్ళు ఎలాగూ రావు. కొడుకుని కూడా పోగొట్టుకోమంటావా? అది వినిందంటే జన్మలో తమ్ముడి మొహం చూడదు. నిన్నంటే నాలుగు తిట్టి ఊరుకుంటుంది. కోడలివి, పడు. నేను పడలేదూ?”

ఎంత మామూలుగా అంది ఆ మాట! పడు. చెప్పులు గుమ్మం బయట విడు అన్నంత మామూలుగా.

“తిట్లయితే పడతాను. ఇంకా పదకొండు మిషన్లున్నాయి.”

“వాళ్ళెవరో నాకు తెలియదు.”

“అన్నయ్యగారు తెలుసుగా! నిన్న ఆస్పత్రిలో మీరు ఏడవలేదా?”

“ఏడ్చాను. ఇంకొకడికి తెగినా ఏడుస్తాను. రాయిని కాదు నేను. ఏడుస్తూనే చెప్తున్నాను, నోరు మూసుకో.”

నిజంగానే ఆవిడ కళ్ళు నిండి ఉన్నాయి. అది చూసేసరికి చిన్నకోడలి కోపం తగ్గాలి. తగ్గలేదు. కన్నీళ్ళు కూడా చేతికి సంకెళ్ళు వెయ్యడానికి పనికొస్తాయని ఆ ఇంట్లోనే నేర్చుకుంది. చెయ్యి విదిలించుకుంది. ఫోన్ తీసి, అందరికంటే దగ్గరున్న షెడ్డు మేస్త్రికి చేసింది. అవతలి హోరులో మాట వినబడక స్పీకరు నొక్కింది.

“ఆ, చెప్పండమ్మా!”

వెనక మిషను చప్పుడు. కత్తి దిగుతోంది, లేస్తోంది.

“మేస్త్రిగారూ, మా కెమెరాలో తప్పుంది. కొన్నిచోట్ల చెయ్యి కనబడదు దానికి. వెంటనే మిషను ఆపించండి.”

“సరేనమ్మా.”

ఆమె గుండెలోంచి పెద్ద ఊపిరి వచ్చింది. ఇంత తేలికా! అంతలో మళ్ళీ దడేలుమని కత్తి దిగింది.

“ఆపమన్నారా మీవాళ్ళని?”

“సరేనమ్మా, ఆపేస్తాం.”

దడేల్.

“ఇంకా నడుస్తోంది, నాకు వినబడుతోంది! మీవాళ్ళ చేతులు తెగుతాయి మేస్త్రిగారూ!”

“సరేనమ్మా, సరే.”

ఆమె ఫోన్ వైపు చూసింది. అటువైపు గొంతులో విసుగు లేదు, భయం లేదు. పసిపిల్లల్ని ఊరుకోబెట్టే మెత్తదనం ఉంది.

“నేనేం చెప్పినా సరే అనమన్నారా మీతో?”

అవతల కాస్త తటపటాయింపు.

“సరే… అంటే, అవునమ్మా. మీ ఆయన ఇప్పుడే చేశారు. ఇంట్లో ఎవరికో దెబ్బ తగిలి మీ మనసు బాగాలేదంట కదా. మీరు ఏం చెప్పినా సరే సరే అనమన్నారు, మిషను మాత్రం ఆపొద్దన్నారు. మీరు కాస్త పడుకోండమ్మా.”

మెట్లమీంచి పెద్దాయన పైకి వచ్చాడు. ఆయన వెనకే ఆమె మొగుడు. చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది.

“అందరికీ చేశావా?” అంది.

“అన్నయ్య చెయ్యమన్నాడు.”

ఆ మాట అన్నవాడికి గడ్డంలో అక్కడక్కడ నెరిసిన వెంట్రుకలు కూడా ఉన్నాయి. ఆమె చెయ్యి లేచింది. కొట్టడానికి లేచిన చేతిని కొట్టకుండానే దించేసింది, ఎందుకంటే దానికి కూడా టైం లేదు.

గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది. ఎప్పుడు మెట్ల మీంచి లేచిందో, ఎంత వినిందో.

“వదినా,” అంది చిన్నకోడలు ఫోన్ ఆవిడ చేతిలో పెడుతూ, “అన్నయ్యగారి తప్పు లేదు. చెయ్యి చక్కగా పెట్టాల్సిన చోటే పెట్టారు. మా కెమెరాయే చూడలేదు. ఇంకా పదకొండు చోట్ల ఇలాగే ఉంది. నేను పోతున్నాను.”

వీధిలోకి పరుగెత్తింది. ఆ షెడ్డు రెండు వీధుల అవతల.

ఆడపడుచు పొద్దున్నుంచీ ఎదురుచూసిన మాట అదే. అది దొరికింది. దొరికిన మనిషి ముఖంలో మాత్రం ఊరట లేదు. ఆడపడుచు తమ్ముణ్ణి చూసింది.

“ఎవరు ఆపొద్దన్నదిరా? నువ్వా? ఎందుకన్నావు? నీకేం పోతుందని అన్నావు?”

తమ్ముడు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. అమ్మ సూదిలోకి దారం ఎక్కించబోతోంది, ఎక్కడం లేదు. పెద్దాయన గుమ్మం వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

అవతల మేస్త్రి ఫోన్ కట్టెయ్యడం మరిచిపోయి ఏ బల్ల మీదో పెట్టి వెళ్ళిపోయినట్టున్నాడు. హాలంతా మిషను చప్పుడు. కత్తి దిగిన ప్రతిసారీ నలుగురూ ఊపిరి బిగబట్టారు. లేచిన ప్రతిసారీ ఎవరి అరుపైనా వినబడుతుందేమోనని చెవులు రిక్కించారు.

ఆడపడుచు రెండు చేతులతో ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది.

“ఒరేయ్! ఎవర్రా అక్కడ! చెయ్యి తీసెయ్యి! చెయ్యి తీసెయ్యి నాయనా!”

అవతల ఎవరూ వినలేదు. కత్తి దిగింది. లేచింది. మళ్ళీ దిగింది.